గెలిస్తే మనము, ఓడితే వారు

తెలుగు వ్యాకరణం బోధించే వారికి ఏటా ఒక ప్రశ్న తప్పదు. ఉర్దూ, తెలుగు రెండూ ఒకే కప్పు కింద వినిపించే మన కళాశాలలో అది మరీ తప్పదు. సర్వనామాల పాఠం జరిగే నాడు ఉర్దూ మాధ్యమం నుంచి వచ్చిన విద్యార్థి ఎవరో ఒకరు లేచి నిలబడి, "సార్, ఉర్దూలో 'హమ్' అంటే సరిపోతుంది. తెలుగులో 'మేము' అని ఒకటి, 'మనము' అని ఒకటి, రెండెందుకు?" అని అడుగుతారు. వినేవారిని కలుపుకొని చెబితే 'మనము', విడిచి చెబితే 'మేము' అని మేము సమాధానం చెబుతాము. పరీక్షకు ఆ సమాధానం చాలు. బతుకుకు చాలదని తెలుసుకోవడానికి మాకు కొన్ని హాకీ ఆటలూ, ఒక విద్యార్థి ఓటమీ అవసరమైనాయి.

మైలవరం హాకీకి పేరుపడిన ఊరు కాదు. ఒకప్పుడు జమీందారుల పోషణలో నాటక సమాజం వెలసి, ఆంధ్రదేశమంతటా పేరు గడించిన ఊరు ఇది. ఇక్కడి పిల్లలకు తెలిసినవి కబడ్డీ, వాలీబాల్, తరువాత క్రికెట్. హాకీ కర్రను చేత్తో తాకిన వారు మా వీధిలో ఒక్కరు లేరు. అయినా హాకీ అంటే మా నాన్నగారికి, అంటే మా 'అబ్బా'కు, ప్రాణం. ఆయనది సైకిళ్ళు బాగుచేసే చిన్న కొట్టు. చేతులకు గ్రీజు ఉన్నా చెవి మాత్రం రేడియో దగ్గర ఉండేదట. 1980 మాస్కో ఒలింపిక్స్‌లో మొహమ్మద్ షాహిద్ బంతిని కర్రకు అతికించుకొన్నట్టు తీసుకుపోయిన తీరు ఆయన కంటితో చూడలేదు. విన్నారు. విన్నదానినే చూసినట్టు మాకు వర్ణించి చెప్పేవారు.

2000 సెప్టెంబరులో సిడ్నీ ఒలింపిక్స్ జరిగేనాటికి మాకు పదేళ్ళు. మాస్కో స్వర్ణం తరువాత ఇరవై ఏళ్ళపాటు భారత జట్టు ఒలింపిక్స్‌లో మొదటి నాలుగు స్థానాలలోకి రాలేదు. ఆ ఏడు ఆశ చిగురించింది. అర్జెంటీనాపై, స్పెయిన్‌పై విజయం, ఆస్ట్రేలియాతో సమానం. కొరియా చేతిలో ఓడినా దారి మూసుకుపోలేదు. చివరి లీగ్ ఆటలో పోలండ్‌ను ఓడిస్తే సెమీ ఫైనల్. పైగా ఆ జట్టులో హైదరాబాదుకు చెందిన ముకేశ్ కుమార్ ఉన్నారు. బార్సిలోనా, అట్లాంటా, సిడ్నీ, మూడు ఒలింపిక్స్ ఆడిన వారు, తరువాత 2003లో పద్మశ్రీ అందుకున్న వారు. అప్పటికి రాష్ట్రం ఒక్కటే కనుక మాకు ఆయన "మన రాష్ట్రపు ఆటగాడు".

పొరుగింటి టీవీ ముందు ఇరవై మంది చేరారు. భారత్ ఒక గోలు ముందున్నది. ఆట ముగియవస్తున్నది. "మనం సెమీస్‌కు పోయాం!" అని ఒక పెద్దమనిషి అప్పుడే లేచి చెప్పులు వేసుకుంటున్నారు. ఆఖరి రెండు నిమిషాలలో పోలండ్ గోలు కొట్టింది. ఒకటి, ఒకటి. గెలవవలసిన ఆట సమమైంది, కొరియా ముందుకు సాగిపోయింది. ఆ కొరియా చివరకు రజతం గెలుచుకొన్నది. భారత్ ఏడవ స్థానంతో ఇంటిదారి పట్టింది.

మాకు ఆ గోలు కంటే, అది పడిన తరువాత ఆ గదిలో వినిపించిన మాటలు ఎక్కువ జ్ఞాపకం. రెండు నిమిషాల క్రితం "మనం పోయాం" అన్న పెద్దమనిషి నోటినుంచే "వీళ్ళింతే, వీళ్ళ వల్ల కాదు" అనే మాట వచ్చింది. ముకేశ్ కుమార్ కూడా ఆ క్షణంలో 'మన రాష్ట్రపు ఆటగాడు' కాకుండా పోయారు. ఇంటికి వస్తూ దారిలో అబ్బాను అడిగాము, "ఇందాక మనం అన్నారు, ఇప్పుడు వాళ్ళు అంటున్నారేం?" అని. అబ్బా వెంటనే జవాబు చెప్పలేదు. ఇల్లు చేరిన తరువాత మాత్రం ఒక కథ చెప్పారు.

1982 డిసెంబరు 1, ఢిల్లీ ఆసియా క్రీడల ఫైనల్. ఎదుటి జట్టు పాకిస్తాన్. ప్రధానమంత్రి ఇందిరాగాంధీ స్వయంగా వచ్చి కూర్చున్నారు. భారత్ జట్టు నాయకుడు జఫర్ ఇక్బాల్. తొలి గోలు భారత్‌దే. ఆ తరువాత కట్ట తెగినట్టయింది. ఒకదాని వెంట ఒకటిగా ఏడు గోల్స్. ఏడు, ఒకటి. మైదానంలో పదకొండు మంది ఆడారు. కాని దేశం దృష్టి ఒక్క మనిషి మీదనే పడింది. గోల్‌కీపర్ మీర్ రంజన్ నేగీ డబ్బు పుచ్చుకొని ఆటను అమ్ముకున్నారన్నారు, దేశద్రోహి అన్నారు. రుజువు ఒక్కటీ లేదు. అయినా ఆ మచ్చతో ఆయన ఏళ్ళ తరబడి బతకవలసి వచ్చింది. 2002లో మాంచెస్టర్ కామన్వెల్త్ క్రీడలలో భారత మహిళలు స్వర్ణం గెలిచినప్పుడు ఆ జట్టుకు శిక్షణ ఇచ్చిన వారిలో నేగీ ఒకరు. 2007లో వచ్చిన 'చక్ దే ఇండియా' చలనచిత్రంలో నటీమణులకు హాకీ నేర్పినది కూడా ఆయనే. ఆ చిత్రంలో ఓటమి మచ్చ మోసే కథానాయకుడు ఒక ముస్లిం ఆటగాడు. ఒక ఆట ఓడినందుకు ఇంటి గోడమీద ద్రోహి అని వ్రాయించుకోవడం ఎలా ఉంటుందో, ఆ చిత్రం చూసిన మా ఊరి వారికి వేరే చెప్పనవసరం లేదు.

"పదకొండు మంది ఆడితే ఒక్కడే ఓడతాడా?" అని అడిగి అబ్బా ఆ రాత్రి కథ ముగించారు. ఆ ప్రశ్నలోని బరువు పదేళ్ళ వయసులో మాకు తెలియలేదు.

తెలిసినది 2021 ఆగస్టులో. కరోనా వల్ల ఏడాది వాయిదా పడిన టోక్యో ఒలింపిక్స్ అవి. తరగతులు ఫోనులో సాగుతున్న రోజులు. 5వ తేదీ ఉదయం ఏడు గంటలకు పురుషుల కాంస్య పోరు. జర్మనీ ఒక దశలో మూడు, ఒకటిగా ముందున్నది. భారత్ పుంజుకొని అయిదు, నాలుగుతో గెలిచింది. ఆఖరి క్షణాలలో జర్మనీకి పెనాల్టీ కార్నర్ లభించగా శ్రీజేశ్ దానిని అడ్డుకున్నారు. నలభై ఒక్క సంవత్సరాల తరువాత హాకీలో పతకం! మా ఊరి సెంటరులో టీ కొట్టు దగ్గర మాస్కులు గడ్డం కిందికి జారినా ఎవరికీ పట్టలేదు. "మనం గెలిచాం! మనం గెలిచాం!" ఆ పూట కొట్టు యజమాని కొందరి దగ్గర టీ డబ్బులు తీసుకోలేదు.

మరునాడు 6వ తేదీ, అదే ఏడు గంటలు, అదే టీ కొట్టు, అదే ఫోను. ఈసారి కాంస్యం కోసం ఆడుతున్నవారు మన మహిళలు. ఎదుట ఉన్నది గ్రేట్ బ్రిటన్, 2016 రియో స్వర్ణ విజేత. ఆ రియోలో మన అమ్మాయిలు పన్నెండు జట్లలో పన్నెండవ వారు. టోక్యోలోనూ తొలి మూడు ఆటలు వరుసగా ఓడారు. ఆ తరువాత ఐర్లండ్‌ను, దక్షిణాఫ్రికాను, క్వార్టర్ ఫైనల్‌లో ఆస్ట్రేలియాను ఓడించి సెమీస్ చేరారు. అక్కడ అర్జెంటీనా చేతిలో రెండు, ఒకటిగా ఓడారు. నాయకురాలు రాణీ రాంపాల్, గోలు ముందు సవిత. మన చిత్తూరు జిల్లా పల్లె నుంచి వెళ్ళిన గోల్‌కీపర్ ఇటిమరపు రజని కూడా ఆ బృందంలో ఉన్నారు.

బ్రిటన్ రెండు గోల్స్ కొట్టింది. కొట్టు దగ్గరి వారిలో సగం మంది లేచి వెళ్ళిపోయారు. ఇరవై అయిదవ నిమిషంలో గుర్జీత్ కౌర్ ఒక గోలు, ఇరవై ఆరవ నిమిషంలో మరొకటి, ఇరవై తొమ్మిదవ నిమిషంలో వందనా కటారియా ఇంకొకటి. అయిదు నిమిషాలలో రెండు, సున్న కాస్తా మూడు, రెండుగా మారి మన జట్టు ముందుకు వచ్చింది. వెళ్ళిపోయిన వారు వెనక్కి వచ్చారు. మళ్ళీ "మనం" వినిపించింది.

విరామం తరువాత ముప్పై అయిదవ నిమిషంలో బ్రిటన్ స్కోరు సమం చేసింది. ఇక మిగిలినది ఆఖరి పావుగంట. నలభై ఎనిమిదవ నిమిషంలో బ్రిటన్‌కు పెనాల్టీ కార్నర్ దొరికింది. ఈ ఆటలో ఇంతకంటే కఠినమైన క్షణం మరొకటి ఉండదు. రక్షించే జట్టులో గోల్‌కీపరుతో కలిపి అయిదుగురే గోలుగీత వెనుక నిలబడాలి. తక్కినవారందరూ మైదానం మధ్యగీతకు అవతల ఉండాలి. బంతి కదిలిన తరువాతనే వారు పరుగెత్తి రావాలి. వచ్చేలోగా కథ ముగుస్తుంది. గ్రేస్ బాల్స్‌డన్ కొట్టిన బంతి గోలులో పడింది. నాలుగు, మూడు. మిగిలిన పన్నెండు నిమిషాలు మన అమ్మాయిలు ఎంత పోరాడినా ఆ అంకె మారలేదు. చేతికందిన పతకం జారిపోయి నాలుగవ స్థానం మిగిలింది. గంట మోగిన తరువాత వారు మైదానంలోనే కూలబడి ఏడవడం ఆ చిన్న ఫోను తెరమీద చూశాము.

కొట్టు దగ్గర ఒకరు గ్లాసు కింద పెడుతూ, "పాపం, వాళ్ళు ఓడిపోయారు" అన్నారు. అందులో తిట్టు లేదు, జాలి ఉన్నది. కాని సర్వనామం మారిపోయింది. ఇరవై నాలుగు గంటల్లో 'మనము' కాస్తా 'వారు' అయింది. సిడ్నీ నాటి పెద్దమనిషి చెప్పులు మాకు అప్పుడు గుర్తుకు వచ్చాయి.

జాలితో అన్న 'వాళ్ళు' అక్కడితో ఆగింది. ద్వేషంతో అన్న 'వాళ్ళు' ఎంత దూరం పోతుందో అంతకు రెండు రోజుల ముందే తేలింది. అర్జెంటీనాతో సెమీ ఫైనల్ ఓడిన నాడు, హరిద్వార్ దగ్గర రోశనాబాద్ అనే పల్లెలో వందనా కటారియా ఇంటి ముందు కొందరు టపాసులు కాల్చారు, కులం పేరుతో దూషించారు. జట్టులో దళితులు ఎక్కువైనందువల్లనే ఓడిందన్నారని ఆమె కుటుంబం పోలీసులకు ఫిర్యాదు చేసింది. ఆ వందన ఎవరు? జులై 31న దక్షిణాఫ్రికాపై మూడు గోల్స్ కొట్టి, ఒలింపిక్స్ హాకీలో హ్యాట్రిక్ సాధించిన తొలి భారతీయ మహిళగా నిలిచిన వ్యక్తి. అంతకు రెండు నెలల ముందు తండ్రి కాలం చేస్తే శిక్షణ శిబిరంలో ఉండిపోయి, కడసారి చూపుకు కూడా పోలేకపోయిన బిడ్డ. ఇంటి ముందు అంత జరిగిన తరువాత కూడా 6వ తేదీన మైదానంలో దిగి, మూడవ గోలు కొట్టినది ఆమెయే. గెలిచిన నాడు ఆమె దేశపు బిడ్డ. ఓడిన నాడు ఆమెకు ఒక కులం, ఒక వాడ గుర్తు చేశారు.

ఇంతవరకు లోకాన్ని తప్పుపట్టాము. అది తేలిక. ఇక మా సంగతి చెప్పుకోవాలి.

మూడేళ్ళ క్రితం మన కళాశాలలో ఒక విద్యార్థి ఉండేవాడు. పేరు చెప్పము. ఉర్దూ చదివి వచ్చి తెలుగులో చక్కగా వ్రాసేవాడు. మొదటి ఏడు, రెండవ ఏడు మంచి మార్కులు. అధ్యాపకుల గదిలో ఉర్దూ విభాగం వారు "మా అబ్బాయి" అనేవారు, మేము "కాదు, మా అబ్బాయి" అనే వాళ్ళము. ఇద్దరం కలిసి "మన అబ్బాయి" అన్న రోజులు కూడా ఉన్నాయి. చివరి సంవత్సరం అతడు తరగతిలో నిద్రపోవడం మొదలుపెట్టాడు. ఒకనాడు పాఠం మధ్యలో లేపి, "నిద్రపోవడానికి ఇల్లు లేదా?" అని అందరి ముందు అన్నాము. తరగతి నవ్వింది. అతడు తల వంచుకున్నాడు. జవాబు చెప్పలేదు, మేము అడగనూ లేదు. చివరి పరీక్షలలో రెండు పేపర్లు తప్పాడు. ఫలితాలు వచ్చిన నాడు అధ్యాపకుల గదిలో తెలుగు వారము మేము "ఉర్దూ సెక్షన్ కుర్రవాడు పోయాడట" అన్నాము. ఉర్దూ వారు "అతడిప్పుడు అంతా మీ తెలుగు వాడే కదా" అన్నారు. ఎవరి చెప్పులు వారు వేసుకున్నాము.

నెల గడిచాక అతని తల్లి సర్టిఫికెట్ల కోసం వచ్చింది. అప్పుడు గాని అసలు సంగతి తెలియలేదు. తండ్రి లారీ డ్రైవరు. ప్రమాదంలో కాలు విరిగి ఆరు నెలలుగా మంచంమీద ఉన్నాడు. పిల్లవాడు ఇబ్రహీంపట్నం దగ్గర రోడ్డు పక్కన ఒక హోటల్‌లో రాత్రంతా పనిచేసి, తెల్లవారుజామున బస్సెక్కి నేరుగా తరగతికి వచ్చేవాడు. "మాస్టారూ, వాడు చదువుతానన్నాడు. నేనే ఇక చాలులేరా అన్నాను" అని ఆమె అన్నది. ఇల్లు లేదా అని అడిగిన మా మాట ఆ క్షణంలో మాకే తగిలింది. ఇల్లున్నది. ఆ ఇంటిని మోస్తున్నవాడే అతడు.

హాకీలో ఒక మంచి నియమం ఉన్నది. అలసిన ఆటగాణ్ణి శిక్షకుడు ఎప్పుడైనా బయటికి పిలవవచ్చు, విశ్రాంతి తీసుకున్నవాణ్ణి లోపలికి పంపవచ్చు. బయటికి వచ్చినవాడు నీళ్ళు తాగి, ఊపిరి తీసుకొని మళ్ళీ ఆటలోకి పోవచ్చు. ఇన్నిసార్లే అనే లెక్క లేదు. ఆట చివరలో కాళ్ళు బరువెక్కుతాయి, చూపు ఒక అర క్షణం వెనుకబడుతుంది, ఆ అర క్షణంలోనే గోలు పడుతుంది. దీనిని ఎరిగిన శిక్షకుని కన్ను బంతి కంటే ఎక్కువగా ఆటగాని కాళ్ళమీద ఉంటుంది. మేము ఆ ఏడాదంతా మార్కుల పట్టిక చూశాము, హాజరు పట్టిక చూశాము. పిల్లవాని కాళ్ళు చూడలేదు. ఆఖరి పావుగంటలో అతడు కూలబడితే అది అతని ఓటమి అని వ్రాసుకున్నాము.

అతడు విజయవాడ ఆటోనగర్‌లో ఒక మెకానిక్ షెడ్డులో చేరాడని తెలిసి, ఒక ఆదివారం వెళ్ళాము. లారీ కింది నుంచి బయటికి వచ్చి మమ్మల్ని చూసి గ్రీజు చేతులు వెనుక దాచుకున్నాడు. అబ్బా చేతులు గుర్తుకు వచ్చాయి. స్టూలు తుడిచి, "కూర్చోండి సార్. మీరెందుకు వచ్చారు ఇంత దూరం?" అన్నాడు. ఏం చెప్పాలో దారి పొడుగునా కూర్చుకొన్న వాక్యాలు ఒక్కటీ నోటికి రాలేదు.

"బాబూ, మనం రెండు పేపర్లు తప్పాము" అన్నాము.

అతడు కాసేపు మా ముఖంలోకి చూశాడు. "తప్పింది నేను కదా సార్" అన్నాడు.

"నిద్రలేపి అడగవలసిన మాట అడగకుండా, అనరాని మాట అన్నది మేము. కనుక మనమే" అన్నాము. ఆ తరువాత ఇద్దరమూ చాలాసేపు మాట్లాడుకోలేదు. షెడ్డు యజమాని టీ తెప్పించాడు. వచ్చేటప్పుడు సప్లిమెంటరీ ఫీజుకు ఆఖరు తేదీ ఎప్పుడని అతడే అడిగాడు.

ఆ ఏడు అతడు ఒక పేపరు గట్టెక్కాడు. రెండవ పేపరు మళ్ళీ తప్పాడు. ఈ ఏడు మరోసారి వ్రాశాడు. ఈ సంచిక అచ్చుకు పోయేనాటికి ఆ ఫలితం రాలేదు. వచ్చిన తరువాత అది ఏదైనా సరే, దానిని చెప్పేటప్పుడు ఏ సర్వనామం వాడాలో మాకు తెలిసింది.

విద్యార్థులారా, ఓడినవారిని పొగడమని మేము చెప్పడం లేదు. ఆఖరి నిమిషంలో గోలు ఎందుకు పడిందో నిర్దాక్షిణ్యంగా విచారించవలసిందే. టోక్యోలో కాంస్యం గెలిచిన పురుషుల జట్టు 2024 పారిస్‌లో సెమీ ఫైనల్‌ను జర్మనీకి ఆట చివరలో పడిన గోలుతోనే పోగొట్టుకున్నది. రెండు రోజుల తరువాత స్పెయిన్‌ను రెండు, ఒకటిగా ఓడించి మళ్ళీ కాంస్యం తెచ్చింది. తప్పును విచారించవచ్చు, తప్పినవాణ్ణి జట్టులోనే ఉంచుకోవచ్చు. ఈ రెండూ కలిసి సాగితేనే మూడవ నాటి ఆట ఉంటుంది. మీ తరగతిలో వెనుక బెంచీమీద ఎవరైనా నిద్రపోతుంటే, నవ్వేముందు ఒక్క మాట అడగండి.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. ఏటా మొదటి తరగతిలో ఉత్తీర్ణులైన వారి ఫోటోలు ఈ సంచికలో వేస్తున్నాము. సంతోషం, వేయవలసిందే. దానితోపాటు చివరి ఏడాదిలో హాజరు తగ్గినవారి ఇళ్ళకు ఉర్దూ విభాగం నుంచి ఒకరు, తెలుగు విభాగం నుంచి ఒకరు కలిసి వెళ్ళే ఏర్పాటు, సప్లిమెంటరీ ఫీజు కట్టలేని వారికోసం ఒక చిన్న నిధి కూడా ఉండాలని కోరుతున్నాము. మొదటి ఇంటికి వెళ్ళడానికి మేము సిద్ధము.

సర్వనామాల పాఠం మళ్ళీ వచ్చే నెలలో ఉన్నది. 'హమ్' అనే ఒక్క మాటకు తెలుగులో రెండెందుకని ఎవరో ఒకరు అడుగుతారు. ఈసారి వ్యాకరణ సూత్రం తరువాత ఇంకొక్క మాట చేర్చి చెబుతాము. గెలిచిన నాడు ఏ మాట వాడినా పరవాలేదు. ఓడిన నాడు మాత్రం 'మనము' అనాలి.